అయోవా రైతులకు వచ్చిన కోవిడ్ డబ్బు: మీరు చూసిన జాబితాలో అంకెలు ఎలా పుట్టాయి

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను, చదివే మిగతావాళ్లకి కూడా తెలియాలి కదా. మీరు ఉద్యోగరీత్యా అయోవా వాయవ్య మూలన ఉన్న సూ కౌంటీకి వచ్చారు. 2020లో కోవిడ్ సాయం కింద ఏ రైతుకు ఎంత ముట్టిందో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పెట్టిన జాబితాలో చూశారు. మీ రోడ్డు చివర ఉండే ఒకాయనకు మొదటి విడతలో 1,44,900 డాలర్లు వచ్చాయి. ఆయనకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డాడని ఊళ్లో అందరూ చెప్పే ఇంకొకాయనకు వచ్చింది 12,060. "ఇందులో మోసం ఏమైనా ఉందా? ఇంత తేడా ఎలా వస్తుంది? మేము రేపు కొంచెం సాగుభూమి కొంటే ఇలాంటి డబ్బు మాకూ వస్తుందా?" అని అడిగారు.

నేను ఈ చుట్టుపక్కల కౌంటీల్లో రైతుల పన్ను లెక్కలు చూస్తాను. 2020లో మొక్కజొన్న మోకాలెత్తు పెరిగినప్పటి నుంచి కోతల దాకా మా ఆఫీసులో నడిచింది దాదాపు ఈ దరఖాస్తుల పనే. మీ పొరుగువాళ్ల సొంత లెక్కలు నాకు తెలియవు, తెలిసినా చెప్పకూడదు. అయితే అలాంటి అంకెలు ఎలా వస్తాయో పైసాతో సహా చెప్పగలను.

అసలు సంగతి ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఆ డబ్బు రైతు ఎంత నష్టపోయాడో చూసి ఇచ్చింది కాదు. ఫలానా తేదీన అతని దగ్గర ఎన్ని బుషెళ్ల (ఇక్కడి గింజల కొలత) గింజలు, ఎన్ని తలల పశువులు ఉన్నాయో, ఫలానా తేదీల మధ్య ఎన్ని అమ్మాడో లెక్కగట్టి ఇచ్చింది. నష్టాన్ని కొలవడానికి నెలలు పడుతుంది. సరుకును లెక్కపెట్టడం ఒక ఫోన్ కాల్‌లో అయిపోతుంది. అప్పటి పరిస్థితిలో ప్రభుత్వం రెండో దారి పట్టింది. కాబట్టి ఆ జాబితాలో పెద్ద అంకె కనిపిస్తే ఆ రైతుకు పెద్ద దెబ్బ తగిలిందని గానీ, అతను దోచుకున్నాడని గానీ అనుకోకండి. అతని దగ్గర, సరైన తేదీల్లో, సరైన రకం సరుకు ఎక్కువగా ఉందని మాత్రమే దాని అర్థం.

ఈ పథకం పేరు కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్. అందరూ సీఫ్యాప్ అనేవాళ్లు. 2020 మార్చి 27న కోవిడ్ ఆర్థిక సాయం కోసం కేర్స్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 17న అప్పటి వ్యవసాయ మంత్రి సోనీ పెర్డ్యూ ఈ పథకాన్ని ప్రకటించారు. మొత్తం 1,900 కోట్ల డాలర్లు. అందులో 300 కోట్లు ఆహారం కొని పెట్టెల్లో పేదలకు పంచడానికి, 1,600 కోట్లు నేరుగా రైతులకు. ఈ 1,600 కోట్లు రెండు జేబుల్లోంచి వచ్చాయి: కేర్స్ చట్టం ఇచ్చిన 950 కోట్లు ఒకటి, కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ అనే పాత ప్రభుత్వ సంస్థ ఇచ్చిన 650 కోట్లు రెండోది. పశువుల విషయంలో ఈ రెండు జేబుల సంగతి తెలియకపోతే లెక్క అర్థం కాదు.

పెద్ద అంకె వచ్చిన పొరుగాయన సంగతే ముందు చూద్దాం. మీ కౌంటీ పశువులు, పందులు, పాల విషయంలో అయోవాలో ముందు వరసలో ఉండే కౌంటీ. అక్కడ గింజలు పండించి నేరుగా అమ్మేవాళ్ల కంటే ఆ గింజల్ని మేతగా పెట్టి మాంసంగా అమ్మేవాళ్ల చేతిలోనే ఎక్కువ డబ్బు తిరుగుతుంది. పశువులను మేపి, బరువెక్కాక మాంసం ఫ్యాక్టరీకి అమ్మే రైతు ఒకరు ఉన్నారనుకోండి. 2020 జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 మధ్య ఆయన అలా తయారైన పశువులు 600 అమ్మాడు. ఒక్కోదానికి కేర్స్ జేబులోంచి 214 డాలర్లు. 600 ఇంటూ 214 అంటే 1,28,400. ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య ఏదో ఒక రోజున ఆయన దొడ్లో ఎక్కువలో ఎక్కువ 500 పశువులు ఉన్నాయి. వాటికి రెండో జేబులోంచి తలకు 33 డాలర్ల చొప్పున 16,500. రెండూ కలిపితే 1,44,900. మీరు చూసిన అంకె ఇదే. ఇందులో దొంగతనం ఏమీ అవసరం లేదు. అక్కడ అలాంటి దొడ్డి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ తేదీలే ఎందుకంటే, జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఏ సరుకు ధర కనీసం 5 శాతం పడిందో ఆ సరుకుకు సాయం అని నియమం పెట్టుకున్నారు. ధర పడిన కాలంలో అమ్మినవాడికి ఎక్కువ, ఆ తర్వాత అమ్మబోయేవాడికి తక్కువ అని విడగొట్టారు. కాగితం మీద చూస్తే సబబుగానే ఉంది. ఏప్రిల్ 14న లారీ ఎక్కిన ఎద్దుకు 214 డాలర్లు. అదే దొడ్లో, అదే మేత తిని, ఫ్యాక్టరీ లారీ రాలేదని ఏప్రిల్ 17 దాకా ఆగిపోయిన ఎద్దుకు 33. మూడు రోజులకు తలకు 181 డాలర్ల తేడా. నిజానికి ధరలు దారుణంగా దెబ్బతిన్నదీ, కొనేవాడు దొరక్కుండా పోయిందీ ఆ తేదీ దాటాకే. ఎక్కువ నష్టపోయినవాడికి తక్కువ డబ్బు రావడం కళ్లారా చూశాను. ఆ కాలంలో మా దగ్గరికి వచ్చిన ప్రతి పశువుల రైతు చేతిలో తూకం చీటీల కట్ట ఉండేది. వాటిని తేదీల వారీగా రెండు కుప్పలు పెట్టేవాళ్లం. ఏ కుప్ప ఎత్తుగా ఉందో చూడగానే ఆ మనిషి మొహం మారిపోయేది.

అసలు ఏప్రిల్ మధ్యలో ఏమైందో కూడా చెప్పాలి. మీరు ఆ తర్వాత వచ్చారు కాబట్టి తెలిసి ఉండకపోవచ్చు. ఏప్రిల్ 12న పక్క రాష్ట్రం సౌత్ డకోటాలో ఉన్న సూ ఫాల్స్‌లోని స్మిత్‌ఫీల్డ్ పంది మాంసం ఫ్యాక్టరీని కార్మికుల్లో కోవిడ్ ప్రబలడంతో నిరవధికంగా మూస్తున్నట్టు ప్రకటించారు. దేశం మొత్తం పంది మాంసంలో 4-5 శాతం ఆ ఒక్కచోట నుంచే వచ్చేది. ఏప్రిల్ 20న మిన్నెసోటా వర్దింగ్టన్‌లో జేబీఎస్, 22న అయోవా వాటర్లూలో టైసన్ మూతపడ్డాయి. సూ ఫాల్స్, వర్దింగ్టన్ రెండూ మీ కౌంటీ రైతులకు దగ్గరే, సరుకు తోలేది అటే. పందిని గోదాములో పెట్టి తాళం వేయలేం. రోజుకు దాదాపు ఒక కిలో బరువు పెరుగుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీ యంత్రాలు, కొక్కేలు ఒక సైజు దాకానే పట్టుకుంటాయి. ఈ బ్యాచ్ షెడ్డు ఖాళీ చేయకముందే తర్వాతి బ్యాచ్ పిల్లలు వచ్చేస్తాయి. బరువు పెరగకుండా ఉండాలని మేత మార్చి, పీచు పెంచి, షెడ్లో వేడి కాస్త పెంచి తిప్పలు పడ్డారు. కొందరు చేతులారా పెంచినవాటిని చంపి పూడ్చేశారు. ఆ రోజుల్లో డబ్బు లెక్క చెప్పడానికి ఫోన్ చేస్తే అవతలి నుంచి మాట వచ్చేది కాదు.

అలాంటి పందికి మొదటి విడతలో ఎంత వచ్చింది? 120 పౌండ్లు దాటి, ఏప్రిల్ 15 లోపు అమ్ముడుపోయి ఉంటే 18 డాలర్లు. తర్వాత షెడ్లో మిగిలి ఉంటే 17. చంపేయాల్సి వచ్చినవాటికి విడిగా పథకం పెట్టడానికి 2021 జూలై దాకా పట్టింది. సరసమైన మార్కెట్ విలువలో 80 శాతం ఇచ్చి, ముందు ముట్టిన సాయాన్ని అందులోంచి తగ్గించారు. ఫ్యాక్టరీతో ఒప్పందం లేకుండా రోజు ధరకు పందులు అమ్ముకునే చిన్న రైతుల పథకం ఇంకా ఆలస్యం, 2021 డిసెంబర్.

ఇప్పుడు మీ రెండో పొరుగాయన. 12,060 అంకె చూడగానే నాకు తట్టింది మొక్కజొన్న. మొక్కజొన్నకు లెక్క ఇలా ఉండేది: 2019లో పండిన పంటలో సగం ఎంతో చూస్తారు, 2020 జనవరి 15న ఇంకా ధర కుదుర్చుకోకుండా చేతిలో ఉన్న నిల్వ ఎంతో చూస్తారు, రెండింట్లో ఏది తక్కువైతే దాన్ని తీసుకుంటారు. ఆ గింజల్లో సగానికి ఒక జేబులోంచి 32 సెంట్లు, మిగతా సగానికి ఇంకో జేబులోంచి 35 సెంట్లు. సగటున బుషెల్‌కు 33.5 సెంట్లు. బుషెల్ అంటే మొక్కజొన్నలో సుమారు 25 కిలోలు. 360 ఎకరాల్లో ఎకరాకు 200 బుషెళ్లు పండితే 72,000, అందులో సగం 36,000, దానికి 33.5 సెంట్ల లెక్కన 12,060. సోయాకు ఇదే పద్ధతిలో బుషెల్‌కు సగటున 47.5 సెంట్లు.

"మరి ఆయన పందుల షెడ్లు?" అని మీరు అడగొచ్చు. అక్కడే ఉంది మెలిక. అయోవాలో మీరు రోడ్డు పక్కన చూసే పొడవాటి షెడ్లలో చాలావాటిలో పందులు ఆ రైతువి కావు. షెడ్డు రైతుది, దాని మీద బ్యాంకు అప్పు రైతుది, చాకిరీ రైతుది. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. మన దగ్గర కోళ్ల ఫారాల్లో ఇంటిగ్రేషన్ అంటారే, సరిగ్గా అదే పద్ధతి. సాయం సరుకు ఎవరిదైతే వాళ్లకే అన్నారు కాబట్టి పందికి వచ్చే డాలర్లు పందుల సొంతదారుకు వెళ్లాయి. షెడ్డు ఖాళీగా ఉండి కంపెనీ బ్యాచ్ పంపకపోతే పెంపకందారుడికి ఆదాయం ఆగిపోయింది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగలేదు. ఇలాంటివాళ్లకు డబ్బివ్వడానికి అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) 2020 డిసెంబర్‌లో చట్టం చేస్తే, దరఖాస్తు పద్ధతి తేలేసరికి 2021 ఆగస్టు అయింది. ఊరంతా ఆయన ఎక్కువ ఇబ్బంది పడ్డాడని అంటున్నారంటే కారణం ఇదే అయి ఉండొచ్చు. ఈ పథకం మొత్తంలో నాకు కోపం తెప్పించే విషయం ఏదైనా ఉందంటే అది ఇదే. నష్టాన్ని మోసేవాడికి ఇస్తాం అన్న సూత్రం మంచిదే. కానీ నష్టమంటే సరుకు ధర ఒక్కటే అనుకున్నారు. షెడ్డు వాయిదాను నష్టంగా లెక్కపెట్టడానికి ఏడాదికి పైగా పట్టింది.

గింజల రైతుల్లో ఇంకో రకం వాళ్లు కూడా జాబితాలో సున్నాతోనో, చాలా చిన్న అంకెతోనో కనిపిస్తారు. వాళ్లు ముందుచూపుతో 2019 చివర్లోనే మంచి ధరకు ఒప్పందం చేసుకున్నవాళ్లు. జనవరి 15 నాటికి వాళ్ల గింజలకు ధర ఖాయమైపోయింది కాబట్టి పతనం వాళ్లకు తగల్లేదు, సాయమూ రాలేదు. "జాగ్రత్తగా ఉన్నందుకు నాకు శిక్షా?" అని కొందరు నిలదీశారు. వాళ్ల బాధ అర్థమవుతుంది గానీ, ఈ నియమం మాత్రం సరైనదేనని నా అభిప్రాయం. ధర పడినందుకు ఇచ్చే డబ్బు ధర పడనివాడికి ఎందుకు?

పాల రైతులకు లెక్క తేలిక. 2020 మొదటి మూడు నెలల పాల దిగుబడి మీద వంద పౌండ్లకు 4.71 డాలర్లు, పైన ఇంకో 1.47 డాలర్ల చిల్లర లెక్క. స్కూళ్లు, హోటళ్లు మూసేసరికి పాలు పారబోసినవాళ్లు ఉన్నారు. పారబోసిన పాలు కూడా లెక్కలోకి వచ్చాయి, అది మంచి పని.

దరఖాస్తు ఎలా జరిగిందో చెబితే మోసం గురించి మీ అనుమానానికీ జవాబు దొరుకుతుంది. మే 26న మొదలై, గడువు పెంచాక సెప్టెంబర్ 11న ముగిసింది. కౌంటీలో వ్యవసాయ శాఖ తరఫున రైతుల పథకాలు నడిపే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసు ఉంటుంది. రైతులు ఎన్నుకున్న కమిటీ దాని నిర్ణయాల మీద ఉంటుంది. ఇదంతా 1930ల నుంచి వస్తున్న పద్ధతి. కోవిడ్ వల్ల ఆ ఆఫీసు తలుపులు వేసి ఉన్నాయి. ఫోన్‌లో మాట్లాడాలి, కాగితాలు ఈమెయిల్లోనో, గుమ్మం దగ్గర డబ్బాలోనో వేయాలి. అసలు ఫారం ఏడీ-3114 చిన్నదే. ఎన్ని బుషెళ్లు, ఎన్ని తలలు అని గళ్లు నింపి సంతకం పెట్టడమే. దాంతోపాటు ఆదాయ పరిమితి దాటలేదని సీసీసీ-941, నేల కోత, చిత్తడి నేలల నియమాలు పాటిస్తున్నానని ఏడీ-1026 ఉండాలి. పాత పథకాల్లో ఉన్న రైతుకు ఇవన్నీ ముందే ఫైల్లో ఉంటాయి, అతనికి అరగంట పని. ఎప్పుడూ ఆ ఆఫీసు గడప తొక్కని కూరగాయల రైతుకు, మేకలు పెంచుకునే కొత్త కుటుంబానికి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన వలస రైతుకు అదే పెద్ద గోడ. డబ్బు ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ చేరిందో అన్నదాంట్లో ఈ గోడ పాత్ర చాలా ఉంది. టామ్ విల్‌సాక్, ఒకప్పటి అయోవా గవర్నరే, 2021లో మళ్లీ వ్యవసాయ మంత్రి అయ్యాక కోవిడ్ సాయంలో నల్లజాతి రైతులకు చేరింది 0.1 శాతమేనని చెప్పారు. సరుకు ఎంత ఉంటే అంత డబ్బు అన్నప్పుడు, తరాలుగా భూమి పోగొట్టుకున్నవాళ్లకు చేరేది అంతే ఉంటుంది. దాన్ని సరిదిద్దడానికి 2021 మార్చిలో పెట్టిన రుణమాఫీ కోర్టుల్లో ఆగిపోయింది, 2022లో ఆ మాఫీ నిబంధననే రద్దు చేశారు.

దరఖాస్తుతో పాటు రుజువులు అడగలేదు. రైతు మాటే ప్రమాణం. తర్వాత కొందరిని ఎంచి లెక్కలు చూపించమంటారు. చూపించలేకపోతే డబ్బు వడ్డీతో సహా వెనక్కి కట్టాలి, కావాలని తప్పు రాస్తే క్రిమినల్ కేసు. ఆ తనిఖీలు ఇంకా గట్టిగా జరగాలని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2022 సెప్టెంబర్‌లో నివేదిక ఇచ్చింది. కాబట్టి తప్పుడు లెక్కలు అస్సలు లేవని ఎవరూ చెప్పలేరు. అయితే పల్లె కౌంటీలో ఒక సంగతి పనిచేస్తుంది. ఫోన్ ఎత్తే క్లర్క్‌కు ఎవరి దొడ్లో ఎన్ని పశువులు పడతాయో సుమారుగా తెలుసు. కమిటీలో ఉన్నది పక్క పొలం రైతే. 200 పశువులు పట్టే దొడ్డికి 2,000 రాస్తే ఎక్కడో వాషింగ్టన్‌లో కాదు, ఆ ఊళ్లోనే పట్టుబడతాడు. నేను చూసినంతలో అబద్ధాల కంటే పొరపాట్లే ఎక్కువ: తేదీ కలవకపోవడం, తండ్రీకొడుకులు ఇద్దరూ ఒకే గింజలు రాయడం, ఒప్పందమైన నిల్వను తీసేయడం మరిచిపోవడం.

జాబితాలో కంపెనీ పేర్లు చూసి కంగారు పడకండి. ఇక్కడ చాలా కుటుంబాలు పన్ను కోసం, వారసత్వం కోసం పొలాన్ని ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరున పెట్టుకుంటాయి. ఒక మనిషికి పరిమితి 2,50,000 డాలర్లు. అలాంటి సంస్థలో కనీసం 400 గంటలు పనిగానీ అజమాయిషీగానీ చేసే సభ్యులు ముగ్గురు ఉంటే 7,50,000 దాకా రావచ్చు. సగటు ఆదాయం 9,00,000 డాలర్లు దాటితే అనర్హులు, కానీ ఆదాయంలో 75 శాతం వ్యవసాయం నుంచే అయితే ఆ అడ్డూ లేదు. నన్నడిగితే ఈ పరిమితులు మరీ ఉదారంగా పెట్టారు. మొదటి విడత ఎక్కడ అందరికీ సరిపోదోనని ముందు 80 శాతమే ఇచ్చి, మిగతా 20 శాతం ఆపారు. ఆగస్టులో అదీ విడుదల చేశారు. అంచనా వేసినంత మంది దరఖాస్తు చేయలేదు, డబ్బు మిగిలింది.

సెప్టెంబర్‌లో రెండో విడత ప్రకటించారు, 1,400 కోట్ల డాలర్ల దాకా. దానికి దరఖాస్తులు సెప్టెంబర్ 21 నుంచి డిసెంబర్ 11 దాకా. దీంట్లో పద్ధతి మారింది, మొక్కజొన్నకు ఎకరాల లెక్క వచ్చింది. ఎకరా దిగుబడిని 40 శాతంతో, దాన్ని 58 సెంట్లతో గుణించాలి. 200 బుషెళ్ల నేలకు ఎకరాకు 46.40 డాలర్లు. సోయాకు 54 శాతం, ధర అదే 58 సెంట్లు. ఆ పైన డిసెంబర్ చట్టం వచ్చి ఎకరాకు ఇంకో 20 డాలర్లు చేర్చింది, 2021లో అవి ఖాతాల్లో పడ్డాయి. అంటే మీ 360 ఎకరాల పొరుగాయన 2020లోనూ అంతే మొక్కజొన్న వేసి ఉంటే రెండో విడతలో 16,704, ఆ తర్వాత 7,200 వచ్చి ఉంటాయి. మీరు ఒక విడత మాత్రమే చూసి పోల్చారు, పేజీలో సంవత్సరం మార్చి చూడండి. పశువుల ఆయనకూ తలకు 55 డాలర్లు రెండో విడతలో, మొదటి విడత పశువులకు అదనపు సర్దుబాటు తర్వాత వచ్చి ఉంటాయి.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. మొదటి విడత అవసరమే. ఆ వసంతంలో అది లేకపోతే చాలా కుటుంబాలు విత్తనాల అప్పు కట్టలేకపోయేవి. ఇథనాల్ ఫ్యాక్టరీలు మూతపడి మొక్కజొన్న 3 డాలర్ల దరిదాపుల్లో కొట్టుకుంటోంది అప్పుడు. కానీ చైనా కొనుగోళ్లతో శీతాకాలానికి ధర 4 దాటి, 2021 జనవరిలో 5 డాలర్లు కూడా దాటింది. ఆ ధర చేతిలో ఉన్న రైతుకు ఎకరాకు ఇంకో 20 డాలర్లు ఎవరూ అడగకుండానే వచ్చాయి. అదే నెలల్లో షెడ్డు పెంపకందారులు, పందుల్ని చంపుకున్నవాళ్లు నియమాలు ఎప్పుడు తేలుతాయా అని ఎదురుచూస్తున్నారు. దారి వేసి ఉన్నవైపే నీళ్లు పోయాయి. ఎకరాల వివరాలు కంప్యూటర్లో ముందే ఉన్నాయి కాబట్టి ఎకరాలకు ఇవ్వడం తేలిక, అందుకే ఇచ్చారు. సీఫ్యాప్ మొత్తం కలిపి సుమారు 3,100 కోట్ల డాలర్లు అయింది. ఇతర పథకాలన్నీ కలుపుకుంటే 2020లో అమెరికా రైతులకు ప్రభుత్వం నేరుగా ఇచ్చింది 4,600 కోట్లకు దగ్గర. అంతకుముందు ఎన్నడూ అంత ఇవ్వలేదు.

ఒక చిన్న సంగతి, పన్ను గురించి. ఈ డబ్బంతా ఆదాయమే. రైతులు పన్ను రిటర్న్‌తో ఇచ్చే షెడ్యూల్ ఎఫ్ ఫారంలో చూపించాలి, స్వయం ఉపాధి పన్ను కూడా పడుతుంది. కాబట్టి జాబితాలో కనిపించే అంకె అంతా జేబులో మిగిలిందని అనుకోకండి. ఆ డిసెంబర్‌లో పన్ను తగ్గించుకోవడానికి కొత్త ట్రాక్టర్లు కొన్నవాళ్లను చూసి "కోవిడ్ డబ్బుతో ట్రాక్టర్" అని ఊళ్లో మాటలు వచ్చాయి. ఆ మాటల్లో కొంత నిజం ఉంది, కొంత అసూయ ఉంది.

తెలంగాణ రైతుబంధుతో పోల్చి అడిగారు కదా. అది పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకు ఎకరం లెక్కన వెళ్లింది. కౌలుదారుకు రాలేదు. ఇక్కడ సూత్రం వేరు: పంట నష్టపోతే ఎవరి జేబుకు చిల్లు పడుతుందో వాళ్లే ఉత్పత్తిదారు. భూమి ఎవరిదన్నది లెక్కలోకి రాదు. ఈ ఒక్క విషయంలో అమెరికా పద్ధతి మేలని నాకనిపిస్తుంది. కౌలురైతు దరఖాస్తు పెట్టుకోవడానికి యజమాని దయ అక్కర్లేదు.

ఇదే మీ చివరి ప్రశ్నకు జవాబు కూడా. మీరు భూమి కొని ఎకరాకు ఇంతని డబ్బు తీసుకునే కౌలుకు ఇస్తే, ఇలాంటి పథకం రేపు మళ్లీ వచ్చినా మీకు రాదు, మీ కౌలుదారుకు వస్తుంది. పంటలో వాటా తీసుకునే ఒప్పందం అయితే మీ వాటా మేరకు మీకూ అర్హత ఉంటుంది, పంట పోతే నష్టంలోనూ అంతే వాటా ఉంటుంది. కౌలు కొంత ఖాయం, ధరను బట్టి కొంత అదనం అని రాసుకునే ఒప్పందాలు కూడా ఉన్నాయి. అలాంటివాటిని ఆఫీసు నగదు కౌలుగా చూస్తుందో, వాటా కౌలుగా చూస్తుందో ముందే అడిగి తెలుసుకోండి.

సాయం వస్తుందన్న ఆశతో మాత్రం భూమి కొనకండి. అయోవా స్టేట్ యూనివర్సిటీ ఏటా చేసే సర్వేలో రాష్ట్ర సగటు ఎకరం ధర 2020లో 7,559 డాలర్లు. 2021లో అది 9,751 అయింది, ఒక్క ఏడాదిలో 29 శాతం. 2022లో 11,411. పంట ధరలు, తక్కువ వడ్డీలతో పాటు ఈ ప్రభుత్వ డబ్బు కూడా అందులో కలిసి ఉంది. అంటే ఆ సాయంలో కొంత భాగాన్ని మీరు అమ్మకందారుకు ధర రూపంలో ముందే కట్టేస్తున్నట్టు లెక్క.

ఇంకొకటి, ఇది కచ్చితంగా చూసుకోవాలి. మీకు గ్రీన్‌కార్డు వచ్చిందో లేదో రాయలేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇల్లు కొనడానికి ఇబ్బంది లేదు. సాగుభూమి మాత్రం అయోవా చట్టంలోని 9ఐ అధ్యాయం కిందకు వస్తుంది. పౌరసత్వం గానీ శాశ్వత నివాసం గానీ లేనివాళ్లు దాన్ని కొనడం మీద నిషేధం ఉంది, మినహాయింపులు చాలా తక్కువ. అడ్వాన్స్ ఇచ్చేముందు స్థానిక లాయర్‌ను కలవండి. కొనగలిగే స్థితిలో ఉంటే, ఆ పొలానికి ఇప్పుడున్న కౌలు కాగితం అడిగి తెప్పించుకోండి. అయోవాలో కౌలు ముగించాలంటే సెప్టెంబర్ 1 లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే పాత కౌలుదారుకు అదే షరతులతో ఇంకో ఏడాది కొనసాగుతుంది, ప్రభుత్వం ఇచ్చేది ఏదైనా ఆ ఏడాది ఆ ఒప్పందం ప్రకారమే పంచుకోవాలి.